గంట మోగింది, బొమ్మ రాలె

గడ్‌చాందూర్,
జూన్ 16

శ్రీజ బిడ్డకు, అత్త దీవెనలు.

ఉత్తరం మొదట్ల "నేను క్షేమం" అని రాస్తరు. నేను క్షేమం లేను. నోరు లేని రుక్మిణి క్షేమంగ ఎట్లుంటది చెప్పు.

నాగపూర్ల గొంతు డాక్టర్ నా గొంతులకెల్లి చిన్న గడ్డ తీసిండని మీ బాపు చెప్పే ఉంటడు. ఇరవై రెండేండ్లు అనంతరావు డాక్టర్ సాబ్ దవాఖాన వాకిట్ల కూసోని "పదిహేడో నంబర్! కోర్పనా గంగవ్వ! లోపలికి రా!" అని కేకలు పెట్టినందుకు వచ్చిన ఇనాం గది. నెల దినాలు మాట బంద్ అన్నడు. గుసగుస గూడ వద్దట, గుసగుస కేక కన్న పాడట. తొమ్మిదో రోజు కోతి వంటింట్ల జొచ్చి చక్కెర డబ్బా ఎత్తుకపోతుంటే నాకు నోరాగలె. గంతే, లెక్క మల్ల మొదటికొచ్చింది. ఇప్పుడు మూడు నెలలంటుండు.

అందుకే ఫోన్ చెయ్యకు. నువ్వు మాట్లాడుతుంటే నేను ఊకుండలేను. గీ కాయితం ఫోటో తీసి పంపుతున్న, నువ్వు గూడ తెలుగులనే రాయి. ఎండకాలం సెలవులల్ల నా అరుగు మీద కూసోని నేర్చుకున్న అక్షరాలు పుణె పోంగనే మర్చిపోయిన అంటే ఊకోను.

నువ్వు పంపిన సబ్బుబిళ్ళంత కంప్యూటర్ ముట్టింది. టీవీ ఎనుక అంటించిన. నువ్వు చెప్పినట్టే కీబోర్డ్ మీద కమాండ్ కొట్టిన. లోపల డాక్టర్ సాబ్ బటన్ ఒత్తంగనే టీవీ మీద మామిడిపండు వచ్చింది బిడ్డా! అక్షరాలు గాదు, నంబర్లు గాదు, పండు! మామిడిపండు చీటీ లస్మవ్వ చేతిల ఉండె. ఆమెకు రెండు చెవులు ఇనపడవు. నా ఆపరేషన్‌కు ముందు ఒక రోజు ఆమె పేరు నాలుగు సార్లు పిలిచిన. ఇనపడక పొద్దుందాక కూసోని, బస్సు టైమైందని సూపించుకోకుండనే పోయింది. గియ్యాల ఎవలు చెప్పకుండనే లేచి లోపలికి పోయింది. పోతు పోతు నా దిక్కు చూసి చీటీ ఊపింది.

గని ఒక్క తక్లీఫ్ ఉన్నది. కరెంటు పోయొస్తే బొమ్మ రాదు. నీలి ఆకాశం, దాని కింద ఒక గుట్ట, గదే నిలబడుతది. మల్ల నేను స్టూలెక్కి కమాండ్ కొట్టాలె. గడ్‌చాందూర్ల రోజుకు ఎన్ని సార్లు కరెంటు పోతదో నీకు నేను చెప్పాల్నా? దానంతల అదే లేచేటట్టు చెయ్యి.

నీ అత్త,
రుక్మిణి


పుణె,
జూన్ 19

అత్తకు నమస్తే.

తెలుగుల టైప్ చేస్తుంటే ఒక్కో లైన్‌కు ఐదు నిమిషాలు పడుతుంది. తప్పులుంటే తిట్టకు. అయినా ఇప్పుడు తిట్టలేవు కదా! ఇట్లాంటి మోకా నాకు మల్ల దొరకదు.

నువ్వు అడిగింది చాలా చిన్న పని. దాన్ని సర్వీస్ చేస్తే సరిపోతది. సర్వీస్ అంటే, కంప్యూటర్ లేవంగనే ఎవరూ చెప్పకుండ తనంతట తానే వెనక నడిచే పని. టింగుమనే గంటకు ఒకటి, బొమ్మకు ఒకటి, రెండు సర్వీస్‌లు రాసిన. దవాఖానలో ఇంటర్‌నెట్ లేదు కాబట్టి నేను ఇక్కడి నుంచి పెట్టలేను. ఫోటో పంపుతున్న, చూసుకుంట కొట్టు. చుక్క కూడ తప్పొద్దు.

కొన్ని లైన్ల ముందు # ఇట్ల కిటికీ జాలి లెక్క ఒక గుర్తు ఉంటది. అది ఉన్న లైన్‌ను కంప్యూటర్ చదవదు, దాటిపోతది. అవి నేను నాకోసం రాసుకున్న మాటలు, నువ్వు కొట్టకపోయినా నడుస్తది.

అత్తా, ఇది నక్కీ, ఖాయంగ పనిచేస్తది. రాసి ఇస్త.

నీ శ్రీజ


గడ్‌చాందూర్,
జూన్ 27

శ్రీజ బిడ్డకు,

రాసి ఇస్త అన్నవు కద. రాసి ఇయ్యి.

ముప్పై ఒక్క లైను, ఒక్క వేలితోని కొట్టిన. మీ మామ బస్సు డ్యూటీ దిగి వచ్చి పక్కన నిలబడి "ఇంకెంత సేపు, ఇంకెంత సేపు" అంటడు. కండ్లతోనే తిట్టిన. ఆయనకు నా మౌనం మస్తు నచ్చింది, మొన్న నా ముందలనే పాట గూడ పాడిండు.

అంతా అయినంక కరెంటు తీసి పెట్టిన. గంట మోగింది. బొమ్మ రాలె.

గిది ఎంత పెద్ద గడబిడనో నీకు పుణెల కూసుంటే తెల్వది. లోపల డాక్టర్ సాబ్ బటన్ ఒత్తిండు. బయట టింగుమన్నది. టీవీల చూస్తే గుట్ట. చీటీలు పట్టుకొని ముప్పై ఎనిమిది మంది ఒక్కసారే లేచిన్రు. ఎవల వంతు వచ్చిందో ఎవలికి తెల్వదు, గంట మాత్రం అందరికి ఇనపడ్డది. తలుపు కాడ నెమలి ముందల, గొడుగు ఎనుక, నడుమ బట్టల దుకాణం రామకిషన్ సేఠ్. గాయన చేతిల గాడిద చీటీ. "నలభై ఏండ్ల సంది గీ ఊర్ల నాకు ఇజ్జత్ ఉన్నది రుక్మిణీ! నాకు గాడిదనిస్తవా?" అని అరుస్తుండు. నేను నవ్వరాదు, నవ్వినా గొంతే కదులుతది.

ఆఖరికి జివతి దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలాయన లేచి, "గుట్ట బొమ్మ వచ్చింది గదా, నేనే గుట్ట మీది ఊరోన్ని" అని లోపలికి పోయిండు. డాక్టర్ సాబ్ ఆయనకు సూది గూడ ఏసిండు. రోగం ఆయనకు గాదు బిడ్డా, ఆయన భార్యకు.

కంప్యూటర్ ఏమని ఏడ్చిందో నువ్వు చెప్పినట్టే చూసి ఫోటో తీసిన. దీనెంబడి పంపుతున్న. గాడిదను తీసెయ్యి.

నీ అత్త,
రుక్మిణి


పుణె,
జూలై 1

అత్తకు నమస్తే.

ముందు సూది పడ్డ తాతకు నా తరఫున మాఫీ చెప్పు. చెప్పలేవు కదా, రాసి చూపియ్యి.

తప్పు ఏందో కనిపెట్టిన. గంటది అల్కటి పని, దానికి స్పీకర్ ఉంటే చాలు. బొమ్మకు స్క్రీన్ కావాలి. నువ్వు చేత్తో కమాండ్ కొట్టినప్పుడు నువ్వు స్క్రీన్ ముందలనే ఉన్నవు, అందుకే ఏ స్క్రీన్ మీద గీయాలో ప్రోగ్రామ్‌కు అడగకుండనే తెలిసింది. సర్వీస్ సంగతి అట్ల కాదు. అది వెనక అర్రల పుడుతది. దాని ముందల స్క్రీన్ లేదు, కీబోర్డ్ లేదు, మనిషి లేడు. "ముందట్ల ఒక టీవీ ఉన్నది, దాని నంబర్ సున్నా, పోయి దాని మీద గియ్యి" అని దానికి ఎవరో ఒకరు చెప్పాలి. మనం చెప్పలే. నువ్వు పంపిన ఫోటోలో అది ఏడ్చింది అదే, "డిస్‌ప్లే తెరవలేకపోతున్న" అని.

కాబట్టి బొమ్మ సర్వీస్‌లో ఒక లైన్ ఎక్కువ కొట్టు. డిస్‌ప్లే, సమానం గుర్తు, రెండు చుక్కలు, సున్నా. అన్ని పెద్ద అక్షరాలు. ఫోటో చూడు. ప్రమోద్ కూడ చూసి ఇదే కరెక్ట్ అన్నడు.

గాడిదను తీసేసి ఏనుగును పెట్టిన. ఏనుగైతే సేఠ్ సాబ్‌కు ఇజ్జత్ ఉంటది.

నీ శ్రీజ


గడ్‌చాందూర్,
జూలై 6

శ్రీజ బిడ్డకు,

ప్రమోద్ ఎవలు?

లైన్ కొట్టిన. ఇప్పుడు కొత్త ఏడుపు మొదలువెట్టింది. డిస్‌ప్లే దొరికిందట, గని లోపలికి రానిస్తలేరట. పర్మిషన్ లేదు అంటుంది. గంత మట్టుకే నాకు అర్థమైంది. గా డబ్బా లోపల గూడ నా అసొంటిది ఒకతి తలుపు కాడ కూసోని ఉన్నది. తొవ్వ తెలిసినంత మాత్రాన లోపలికి పంపది, చీటీ ఏదీ అని అడుగుతది. బిడ్డా, నాకు ఆమె మీద మస్తు ఇజ్జత్ కలిగింది.

బొమ్మల సంగతి రాస్త, మంచిగ ఇను. ఎలక్షన్లు వస్తయంటున్నరు, పార్టీల గుర్తులు ఉండొద్దు. తామరపువ్వు తియ్యి. గడియారం తియ్యి. నువ్వు కొత్తగ పెట్టిన ఏనుగు గూడ తియ్యి. తామరపువ్వు చీటీ వచ్చినాయన దాన్ని జేబుకు గుచ్చుకొని తిరుగుతుండు, గడియారం చీటీ వచ్చినామె మొఖం మాడ్చుకొని మార్చియ్యమంటుంది. దవాఖానకు వచ్చేది దగ్గు పోనీకి, ప్రచారం చెయ్యనీకి గాదు. కాకరకాయ పెట్టు, నాగలి పెట్టు, పీట పెట్టు. ఎవలికి కోపం రాదు.

నేను స్టూలెక్కుడు దిగుడు తోని మోకాళ్ళు పోతున్నయి. జల్ది చెయ్యి.

ప్రమోద్ ఏం కులపోడు, ఏ ఊరోడు, రాయి.

నీ అత్త,
రుక్మిణి


పుణె,
జూలై 10

అత్తకు నమస్తే.

ప్రమోద్ సర్ వయసు యాభై ఏడు. ఇద్దరు మనవరాండ్లున్నరు. మా ఆఫీసుల సర్వర్లన్ని ఆయన చూస్తడు. ఎవరైనా ఏమన్నా అడిగితే ముందు రెండు నిమిషాలు కండ్లు మూసుకుంటడు, తర్వాత తప్పు మనదే అంటడు. ఇంక ఆ సంగతి బంద్.

తలుపు కాడ ఒకతి కూసున్నది అని నువ్వు రాసింది నిజమే. స్క్రీన్‌ను తెరిచేది "క్లినిక్" అన్న పేరుతోని లోపలికి వచ్చే యూజర్. మన సర్వీస్ మాత్రం మొత్తం మిషన్‌కు యజమాని అయిన మాలకునికి పుట్టింది. ఒకని నౌకరు పోయి ఇంకొకని గోడ మీద బొమ్మ గీస్త అంటే ఎవరు ఊకుంటరు? ఆ చీటీ ఎక్కడ ఉన్నదో చెప్తే కూడ నడుస్తది, కానీ ఇంకో గండం ఉన్నది. ఒక్కోసారి సర్వీస్ ముందే లేస్తది, స్క్రీన్ ఇంకా తెరుచుకోనే ఉండదు. తలుపు మూసి ఉన్నది చూసి అలిగి పండుకుంటది.

అందుకే మొత్తం మారుస్తున్న. బొమ్మ సర్వీస్‌ను మాలకుని దగ్గరి నుంచి తీసి, ఆ క్లినిక్ యూజర్‌కే సొంత సర్వీస్ చేస్తున్న. మిషన్ లేవంగనే క్లినిక్ తనంతట తానే లోపలికి వస్తది, స్క్రీన్ తెరుస్తది, ఆ తర్వాతనే బొమ్మ సర్వీస్ షురూ అయితది. ఇంటోని గోడ మీద ఇంటోడే గీస్తడు. ఒకవేళ పడ్డా ఐదు సెకన్లకు మల్ల లేస్తది.

పాత ఫైల్ తీసెయ్యి. కొత్త దాని ఫోటో పంపుతున్న. ఈసారి పద్నాలుగు లైన్లే. పీట పెట్టిన, కాకరకాయ పెట్టిన.

నీ శ్రీజ


గడ్‌చాందూర్,
జూలై 17

శ్రీజ బిడ్డకు,

వచ్చింది!

కరెంటు పోయింది, వచ్చింది, నేను కుర్చీల కూసున్న ఒక ముసలమ్మకు నీళ్ళిస్తున్న, ఎనుకకు తిరిగి చూసేసరికి పీట! టీవీ నిండ పీట! టింగు! పీట చీటీ ఆమె లేచింది. నేను స్టూలెక్కలె. ఎవలు ఏం చెయ్యలె. దానంతల అదే.

రామకిషన్ సేఠ్‌కు కాకరకాయ వచ్చింది. ఈసారి అరవలె. షుగర్‌కు మంచిదన్నడు.

మీ ప్రమోద్ సాబ్‌కు నమస్తే చెప్పు. ఆయన మనవరాండ్లు సల్లగుండాలె. ఊరంత చెప్తున్న, అంటే పలక మీద రాసి చూపిస్తున్న, మా శ్రీజ కంప్యూటర్లకు డాక్టర్ అని.

నీ అత్త,
రుక్మిణి


పుణె,
ఆగస్టు 4

అత్తకు నమస్తే.

పద్దెనిమిది రోజులాయె, ఉత్తరం లేదు. నిన్న బాపు ఫోన్‌లో అన్నడు, నువ్వు మల్ల పొద్దుగాలనే పోయి స్టూలెక్కుతున్నవట. సర్వీస్ చెడిపోయిందా? ఎందుకు రాయలే?

నీ శ్రీజ


గడ్‌చాందూర్,
ఆగస్టు 6

శ్రీజకు,

చెడిపోయింది. ఏం ఫికర్ లేదు. నేనే రోజు చేత్తోని పెడుతున్న, మంచిగనే నడుస్తుంది. నువ్వు నీ ఆఫీసు పని చూసుకో. మిషన్లన్నంక ఆగుతయి.

వానలు బాగ పడుతున్నయి.

రుక్మిణి


పుణె,
ఆగస్టు 8

అత్తకు నమస్తే.

నీ ఉత్తరంల ఒక్క తిట్టు లేదు, ఒక్క ముచ్చట లేదు, కింద "నీ అత్త" కూడ లేదు. వానల గురించి రాసినవు. పానం బాగలేదా?

సర్వీస్ ఊకెనే చెడిపోదు. నేను ఇక్కడ అట్లాంటిదే ఒక డబ్బా తెచ్చి అవే పద్నాలుగు లైన్లు పెట్టి చూసిన. ముప్పై సార్లు కరెంటు తీసిన, ముప్పై సార్లు లేచింది. ప్రమోద్ సర్‌ను నాలుగు సార్లు అడిగిన. ఐదోసారి నన్ను చూసి ఆయన టాయిలెట్ దిక్కు పోయిండు.

ఇప్పుడు ఆ ఫైల్ ఎట్ల ఉన్నదో తెరిచి, ఫోటో తీసి పంపు. ఇదొక్కటి చెయ్యి అత్తా.

నీ శ్రీజ


గడ్‌చాందూర్,
ఆగస్టు 10

శ్రీజకు,

ఫోటో పంపిన. అన్ని లైన్లు ఉన్నయి, నువ్వే చూసుకో. నా పానం బాగనే ఉన్నది. గింత చిన్నదానికి గంత పెద్దాయనను పరేషాన్ చెయ్యకు.

రుక్మిణి


పుణె,
ఆగస్టు 11

అత్తకు నమస్తే.

ఫోటో చూసిన. పద్నాలుగు లైన్లు, ఒక్క చుక్క తప్పు లేదు.

అత్తా, స్క్రీన్ కింద మూలకు గడియారం ఉంటది. పక్కన తారీకు కూడ ఉంటది. నువ్వు పంపిన ఫోటో జూలై 17ది.

ఈ రోజు ఫోటో పంపు. పంపకుంటే నేను సెలవు పెట్టి వచ్చేస్త. కోపం లేదు. నాకు భయమైతుంది, ఇంకేం లేదు.

నీ శ్రీజ


గడ్‌చాందూర్,
ఆగస్టు 14

శ్రీజ బిడ్డకు,

దొరికిపోయిన.

గియ్యాలటి ఫోటో ఎంబడి పంపుతున్న. కింది నుంచి మూడో లైను ముందల జాలి ఉన్నది చూడు. అది నేను పెట్టిందే. గీ గుర్తు ఉంటే కంప్యూటర్ దాటిపోతదని నువ్వే రాసినవు కద. ఒక్క గుర్తు. గంతే, సర్వీస్ లేవదు.

ఎందుకు చేసిన్నో చెప్త. నోరు మూసుకుంటే చెవులు గూడ మూసుకున్నట్టే అనుకుంటరు బిడ్డా జనం. నా ముందలనే అన్ని మాట్లాడుతరు. జూలై ఆఖర్ల డాక్టర్ సాబ్ ఫోన్ల వాళ్ళ బిడ్డ ప్రణాలితోని మాట్లాడుతుండు. గామె గూడ డాక్టరే, ఉప్పర్వాహిల కొత్త దవాఖాన తెరుస్తుంది. గీయన ఏమన్నడంటే, "ఇక్కడ ఇంక మిషనే పిలుస్తుంది, వాకిట్ల మనిషి అక్కర లేదు. రుక్మిణీతాయికి పాపం గొంతు గూడ పోయింది. దసరా దాక చూసి ఇంటికి పంపిద్దాం." నేను ఆయన ఎనుకనే నిలబడి చీటీలు సర్దుతున్న. పీట మీద నాగలి, నాగలి మీద కాకరకాయ. చేతులు ఆగలె, సర్దుకుంటనే ఉన్న.

తెల్లారి అందరికన్న ముందు పోయి తాళం తీసి గా గుర్తు కొట్టిన. గప్పటి సంది కరెంటు వచ్చినప్పుడల్ల గంట మోగుతది, బొమ్మ రాదు, జనం నా దిక్కు చూస్తరు. నేను స్టూలెక్కుత. బొమ్మ వస్తది. మొన్న డాక్టర్ సాబ్ నలుగురి ముందల "రుక్మిణీతాయి లేకుంటే గీ మిషన్ నడవది" అన్నడు. గసొంటి మాట గాయన నోట్లకెల్లి రానీకి ఇరవై రెండేండ్లు పట్టింది.

నీ పని పాడు చేసిన. నీతోని అబద్ధమాడిన. ముప్పై సార్లు కరెంటు తీసిన అని నువ్వు రాసింది చదివి పలక పక్కన పెట్టి కూసున్న. ఏం జెయ్యాలె?

నీ అత్త,
రుక్మిణి


పుణె,
ఆగస్టు 17

అత్తకు నమస్తే.

నాకు కోపం రావాలి, వస్తలేదు. ముప్పై ఏండ్ల అనుభవం ఉన్న ప్రమోద్ సర్ దొరకబట్టలేని తప్పును ఒక్క అక్షరంతోని చేసినవు. ఆయనకు చెప్పిన. కండ్లు మూసుకున్నడు. తెరిచినంక "మీ అత్తకు మా టీమ్‌లో ఖాళీ ఉన్నది" అన్నడు.

నేను కూడ ఒకటి దాచిన. "తప్పు కనిపెట్టిన" అని రాసిన కదా, నేను కనిపెట్టలే. మొదటి దాని నుంచి చివరి దాకా అన్ని ప్రమోద్ సర్ చెప్పినవే. ఆఫీసుల నా పని వెబ్‌సైట్లల్ల బటన్లకు రంగులేసుడు. సర్వీస్ ఫైల్ ఎట్లుంటదో జూన్ దాకా నేను చూడనే లేదు. నువ్వు నన్ను కంప్యూటర్ డాక్టర్ అని ఊరంత చూపిస్తుంటే "నాకు తెల్వది" అని టైప్ చెయ్యనీకి వేళ్ళు రాలే. కానీ ఇప్పుడు నిజంగ నేర్చుకున్న. నీ జాలి పుణ్యాన ముప్పై సార్లు.

ఇంక నా మాట ఇను. ఆ గుర్తు తీసెయ్యి. ఎడ్లను మొక్కే పోలా పండుగ అయినంక నువ్వు గొంతు చూపించుకోనీకి నాగపూర్ పోవాలి కదా. ఆ మూడు రోజులు మిషన్‌ను దాని మానాన నడవనియ్యి. ఏమైతదో డాక్టర్ సాబ్‌ను చూడనియ్యి. నీ అవసరం లేదనే తేలితే, అప్పుడు ఇద్దరం కూసోని ఏం చెయ్యాలో ఆలోచిద్దాం. కానీ పొద్దున్నే దొంగ లెక్క తాళం తీసుడు, స్టూలెక్కుడు నీకు తగదు అత్తా. మిషన్ నీకు చాకిరి చెయ్యాలి. ఇప్పుడు నువ్వే దానికి చేస్తున్నవు.

నేను ఇక్కడి నుంచి ఆ ఫైల్ నువ్వు ముట్టుకోకుండ చేసే ఉపాయం రాసి పంపొచ్చు. పంపను.

నీ శ్రీజ


గడ్‌చాందూర్,
సెప్టెంబర్ 15

శ్రీజ బిడ్డకు,

చానా సంగతులున్నయి. తీరుబాటుగ చదువు.

గుర్తు తీసేసిన. మూడు రోజులు నాగపూర్ పోయిన. గొంతు డాక్టర్ అద్దం పెట్టి చూసి మానుతుందన్నడు. రోజుకు పది మాటలు మాట్లాడొచ్చన్నడు. పదే. అవి గూడ మెల్లగ. కేకలు మాత్రం జిందగీల వద్దు.

వాపస్ వచ్చి దవాఖానకు పోతే డాక్టర్ సాబ్ వాకిట్లనే నిలబడి ఉన్నడు, అంగీ గుండీలు తప్పు పెట్టుకొని. మిషన్ ఏం తప్పు చెయ్యలె బిడ్డా. నీ పేరు చెడలె. మూడు రోజులల్ల పదకొండు సార్లు కరెంటు పోయిందట, పదకొండు సార్లు బొమ్మ దానంతల అదే వచ్చిందట. మనుషులే ఆగమైన్రు. చీటీలు వాపస్ తీసుకునే దిక్కు లేక ఒక్క రోజే ముగ్గురు మామిడిపండ్లు లేచిన్రు. ఒకామె మనవలు ఆడుకుంటరని ఆరు చీటీలు ఇంటికి పట్టుకపోయింది. బస్సుకు తొందర ఉన్నోళ్ళు, లేనోళ్ళ చీటీలు గుంజుకున్నరు. అదంత నవ్వుకునే సంగతే.

నవ్వరాని సంగతి ఒకటున్నది. రెండో రోజు ఒక తల్లి ఏడాది పిల్లను ఎత్తుకొని వచ్చిందట. ఆఖరు చీటీ దొరికింది. పీట. తన బొమ్మ వచ్చేదాక కూసోవాలె కావచ్చని మూలకు కూసున్నది. పిల్ల ఏడ్వలె, అందుకే ఎవలు చూడలె. ఏడ్వలేనంత జ్వరం గది. రెండు గంటలు. పీట వచ్చి లోపలికి పోయేసరికి పిల్ల కండ్లు తేలేసింది. డాక్టర్ సాబ్ పిల్లను తన బండిలనే పండవెట్టుకొని చంద్రపూర్ పెద్ద దవాఖానకు ఉరికిండు. బతికింది. ఇప్పుడు మంచిగున్నది. నేనుంటే ఆ తల్లిని గడప కూడ ఎక్కకముందే లోపలికి నూకుతుంటి. చీటీ ఇచ్చేటప్పుడు చేతులు చూడను, మొఖాలు చూస్త. గా పని నేను చేస్తున్నట్టు నాకే తెల్వది, ఇంక గాయనకేం తెలుస్తది.

గాయన అన్నడు, "తాయీ, నేను నిన్ను పంపించేద్దామనుకున్న." నేను తల ఊపిన. నీకు తెలుసా అన్నట్టు చూసిండు. పలక తీసుకొని రాసిన: "తెలుసు. మిషన్ మంచిదే. నడుమ నేనే ఆపిన." చదివిండు. మల్లొకసారి చదివిండు. ఆఖరికి అడిగిండు, "ఎట్ల ఆపినవు?"

ఫైల్ తెరిచి చూపిచ్చిన. జాలి పెట్టిన, తీసిన, మల్ల పెట్టిన, తీసిన. గాయన చిన్న పిల్లగాని లెక్క స్టూలెక్కి దగ్గరికెల్లి చూసిండు. దిగి, "ఉప్పర్వాహిల గూడ గిదే పెట్టాలె. నువ్వే పెట్టు. మూడు రోజులు గాడ, మూడు రోజులు గీడ" అన్నడు. నేను పలక మీద "కుర్చీ" అని రాసిన. "ఏం కుర్చీ?" "ఈపు ఆనే కుర్చీ. రెండు కాడల." ఇరవై రెండేండ్లు స్టూలు మీద కూసున్న బిడ్డా. సాయంత్రానికి వచ్చినయి.

ఇగ నిన్నటి సంగతి. కొత్త టీవీ, కొత్త డబ్బా పట్టుకొని ఉప్పర్వాహి బస్సెక్కిన. కండక్టర్ రాజురా దిక్కు తెలుగాయన. టీవీని మీద సామాన్ల నడుమ పెడుత అని గుంజుతుండు. ఎంత సైగ చేసినా సమజ్ చేసుకోడు. ఇంక ఆగలె. "టీవీ పైన పెట్టొద్దు! నా ఒళ్ళో పెట్టుకుంట! నువ్వు జర జరుగు!" అన్న. లెక్కపెట్టు, తొమ్మిది. కండక్టర్ టీవీ నా ఒళ్ళో పెట్టి జరిగిండు.

దవాఖానల ఒక్కదాన్నే కూసోని కొట్టిన. ఇప్పుడు రెండు వేళ్ళతోని. ప్రణాలి డాక్టరమ్మ, వాళ్ళ నర్సు, రంగులేసేటోళ్ళు, అందరు ఎనుక నిలబడి చూస్తున్నరు. కరెంటు తీసి పెట్టిన. గంట మోగింది. బొమ్మ రాలె.

ఎనుక ఎవలో నవ్విన్రు. నీకు ఫోటో పంపుదామని ఫోన్ తీసి, మల్ల లోపల పెట్టిన. ముందు గది ఏమని ఏడుస్తుందో చూద్దామనుకున్న. చూస్తే గీడ లోపలికి వచ్చే యూజర్ పేరు వేరే. డబ్బా అమ్మినాయన తనకు తోచిన పేరు పెట్టి పంపిండు, నా ఫైల్ల మాత్రం గడ్‌చాందూర్ క్లినిక్ పేరే ఉన్నది. ఇంటి పేరు తప్పు రాస్తే ఇంటోడు ఎట్ల లేస్తడు? రెండు కాడల పేరు మార్చిన. ప్రమోద్ సాబ్‌ను అడగలె. నిన్ను గూడ అడగలె.

మల్ల కరెంటు తీసి పెట్టిన. టీవీ నల్లగ ఉన్నది. నలభై దాక లోపల్లోపల లెక్కపెట్టిన. నలభై ఒకటి, నలభై రెండు. నెమలి వచ్చింది. రెక్క విప్పి టీవీ నిండ. రంగులేసేటాయన బ్రష్షు పట్టుకునే చప్పట్లు కొట్టిండు.

ప్రణాలి డాక్టరమ్మ దగ్గరికొచ్చి "ఎవరు చేసిన్రు తాయీ గిది?" అని అడిగింది.

నాకు గా రోజుకు ఒక్కటే మాట మిగిలి ఉన్నది. నీ పేరు చెప్పాలె, న్యాయం గదే. నోరు తెరిచిన.

"నేనే" అన్న.

గొంతు సన్నగ, ఎవలిదో లెక్క వచ్చింది. అయినా గదిల అందరికి ఇనపడ్డది.

నీ అత్త,
రుక్మిణి